కువైటు పెట్టె

మొన్న డిసెంబరు 22న మా మనవరాలు దిగింది. షార్జాలో విమానం ఎక్కి, గన్నవరంలో దిగి, కారులో గంటకల్లా ఏలూరు వచ్చేసింది. మధ్యాహ్నం అన్నానికి ఇంట్లో ఉంది. చెప్పులు విప్పుతూనే, "అమ్మమ్మా, ఇంకా వైఫై పెట్టించలేదా?" అంది. ఏడాదికి చూసిన మనిషి నోట మొదటి మాట అది.

మా రోజుల్లో కువైటు నుంచి రావడమంటే బొంబాయిలో దిగాలి. జాకెట్టులో డ్రాఫ్టు, పక్కన పెట్టె. రైల్లో రాత్రంతా ఆ పెట్టెకి కాలు ఆనించుకుని కునికిపాట్లు. బెజవాడలో బండి మారి ఏలూరు, అక్కణ్ణించి బస్సులో కొల్లేటి ఒడ్డు, ఆపైన దోనె మీద మా లంక. రెండో ప్రపంచ యుద్ధంలో తెల్లోళ్లు వేసిన విమానాల రన్‌వే తాడేపల్లిగూడెంలో ఉండనే ఉంది. "నీ విమానాన్ని అక్కడ దింపమనవే, వచ్చేప్పుడు మార్కెట్లో ఉల్లిపాయలు కూడా తెచ్చుకోవచ్చు" అని మా చిన్నాన్న ఎగతాళి చేసేవాడు.

ఆ పెట్టె విప్పుతుంటే పేట పేటంతా మా వాకిట్లోనే. టాంగు పొడి, నిడో డబ్బా, టైగర్ బామ్, పులిబొమ్మ దుప్పటి. ఇంటికొక సబ్బు. దాంతో ఒళ్లు రుద్దుకున్నవాళ్లని నేను చూడలేదు. వాసన కోసం కోకల మధ్య దాచుకునేవాళ్లు. మరి మా మనవరాలి పెట్టెలో? ఖర్జూరం, చాక్లెట్లు, అంతే. "అన్నీ ఇక్కడే దొరుకుతున్నాయిగా" అంటుంది. దొరుకుతున్నాయి. అదే నా గొడవ.

పెట్టె లేకుండా నేను ఒక్కసారే వచ్చాను, 1990లో. ఆ మే నెల తుఫానుకి మా ఇంటి తాటాకు కప్పు లేచిపోయింది. డబ్బు పంపుదామని జీతం కోసం చూస్తుంటే ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైటులోకి వచ్చిపడింది. నేను పనిచేసే ఇంటివాళ్లు రాత్రికి రాత్రి సౌదీకి కారెక్కారు. నా పాస్‌పోర్టు, నాలుగు నెలల జీతం వాళ్లతోనే పోయాయి. ఎంబసీ వాళ్లు రాసిచ్చిన కాగితం పట్టుకుని, బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరి, ఎడారిలో గుడారాల కింద పడుంటే, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానం ఎక్కించారు. లక్షమందికి పైగా మనవాళ్లు ఆ దారినే వచ్చారు.

ఆ క్రిస్మస్‌కి ఒట్టి చేతులతో గుడికెలా వెళ్లనా అని నేను ఇంట్లో కూలబడితే, పక్కింటి మరదలు వచ్చింది. రెండేళ్ల కిందట నేనిచ్చిన సబ్బే, కాగితం కూడా విప్పలేదు. "పండగ పూట నీళ్లు పోసుకో వదినా" అని చేతిలో పెట్టింది. ఏం తెచ్చావని ఆ ఏడు ఎవరూ అడగలేదు.

కారల్స్ సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. పెట్రోమాక్సు లైటు, డోలకు పట్టుకుని దోనెల మీద లంక నుంచి లంకకి తిరిగేవాళ్లం. మంచులో గొంతులు పోయేవి. ఈ ఏడు వచ్చినవాళ్లు ఆటోలో సౌండు బాక్సులతో వచ్చారు. మనవరాలు గుమ్మంలో ఫోను అడ్డంగా పట్టుకుని షార్జా గదిలో ఉన్న స్నేహితురాలికి చూపించింది. పాడేవాళ్లు కూడా నన్ను వదిలేసి ఆ ఫోన్నే చూస్తూ పాడారు.

భోజనం ఇంకో గొడవ. క్రిస్మస్ మధ్యాహ్నం కొరమీను పులుసు లేకుండా మాకు పండగ గడిచేది కాదు. ఇప్పుడు కొల్లేరంటే చేపల చెరువులు. 2006లో ప్రభుత్వం గట్లు పేల్చినా మళ్లీ లేచాయి. అందులో పెరిగే శీలావతి, బొచ్చె ఐసు వేసుకుని లారీల్లో కలకత్తా పోతాయి. అంత కష్టపడి నాటు కొరమీను తెప్పిస్తే, "ముళ్లు తీసుకోవడం నావల్ల కాదు" అని ఫోనులో బిర్యానీ తెప్పించుకుంది. నడుం ముల్లు తప్ప కొరమీనుకి ముళ్లెక్కడున్నాయే!

అయినా ఒకటి ఒప్పుకోవాలి. పదకొండేళ్లు కువైటులో ఉంటే నేను ఇంట్లో చేసుకున్న క్రిస్మస్‌లు నాలుగు. అక్కడ ఆ రోజు సెలవు కాదు. గిన్నెలు తోముతూ గొంతులోనే పాడుకునేదాన్ని. శుక్రవారాలు గుడి ఆరాధన ఉంటుందని తెలుసు, గడప దాటనిచ్చేవాళ్లు కారు. మొదటిసారి తిరిగొచ్చినప్పుడు నా కూతురు, అదే దీని తల్లి, నన్ను చూసి మా అత్త కొంగు చాటుకి పోయింది. దగ్గరికి రావడానికి మూడు రోజులు పట్టింది. ఇది ఏటా వస్తోంది. వచ్చి నాలుగు రోజులు ఫోను చూసుకుంటుంది. రాత్రి మాత్రం నా మంచం మీదికే వచ్చి, కాళ్లు నా మీద వేసి పడుకుంటుంది.

26 సాయంత్రం దాని విమానం. అరిసెలు డబ్బాలో సర్ది ఇచ్చాను. వచ్చే ఏడాదికి వైఫై పెట్టిస్తానని కూడా చెప్పాను.