బీరువా సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: పూర్వానుమతి లేనిదే బోర్డులను తాకరాదు. కాలిన ఎడల ధర వసూలు చేయబడును.

అవతారిక: విశాఖలో సముద్రపుగాలి నేరుగా కిటికీల్లోకి కొట్టే ఒకానొక ఇంజనీరింగ్ కళాశాలలో, ఎంబెడెడ్ సిస్టమ్స్ ప్రాజెక్టు ల్యాబులో, ఇనుప బీరువా తలుపు మీద వెలసిన సూత్రద్వయమిది. కర్త అజ్ఞాతుడు. అడుగున గుండ్రని ముద్ర ఉంది కనుక ఆర్షమని గ్రహించి, తప్పులెన్నరాదు.

వ్యాఖ్య: 'పూర్వానుమతి', 'తాకరాదు' స్పష్టములు. ఇక 'బోర్డులు'. ఇచ్చట బోర్డనగా ఆర్డుయినో. దీని వంశచరిత్ర చెప్పక తప్పదు. ఇటలీలో ఇవ్రియా ప్రభువైన అర్దుయినుడు 1002లో రాజయ్యాడు. 1014కల్లా రాజ్యం పోయింది. మన రాజరాజ నరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడయ్యేనాటికే ఈయన కథ పాతబడింది. పాపం, ఈయనకు నన్నయ దొరకలేదు. తొమ్మిది శతాబ్దాలు దాటాక ఇవ్రియాలో ఒక బారు మాత్రం ఈయన పేరు పెట్టుకుంది. ఆ బారులో కూర్చునే అలవాటున్న అధ్యాపకులు 2005లో తాము చేసిన బోర్డుకూ అదే పేరు తగిలించారు. వారిది డిజైను నేర్పే బడి. ఎలక్ట్రానిక్స్ బొత్తిగా రాని పిల్లలు కూడా చవగ్గా కొని, తీగలు గుచ్చి, తప్పులు చేసి నేర్చుకోవాలని దాన్ని పుట్టించారు. తయారీ పటాలు కూడా దాచుకోలేదు. అలా తాకడానికే పుట్టినదాన్ని తెచ్చి మనవాళ్లు బీరువాలో పెట్టారు!

'కాలిన ఎడల': చేదర్థకం. చిన్నయసూరి సంతోషించుగాక. కాని ప్రోగ్రాము రాసే పిల్లవాడికి సందేహం: ఇఫ్ ఉంది, ఎల్స్ ఏదీ? కాలకుండా వెలిగితే? కాలాక, ఎందుకు కాలిందో తెలిసివస్తే? సూత్రకారుడు మౌనం. రెసిస్టరు లేకుండా ఎల్ఈడీ తగిలించి ఒకసారి దాన్ని మాడ్చినవాడు జన్మలో ఓమ్ సూత్రం మరవడు. పైగా అసలు ఆర్డుయినో ఊనో బోర్డులో 28 కాళ్ల చిప్పు సాకెట్లో కూర్చుని ఉంటుంది; పోతే దాన్నొక్కదాన్నే పీకి మార్చుకోవచ్చు.

'వసూలు చేయబడును': కర్మణి ప్రయోగం. వసూలు చేసే కర్త కనబడడు. కట్టేవాడు కనబడతాడు.

పూర్వపక్షం: పరికరాల రక్షణకే గదా ఈ నియమం? సమాధానం: ఈ ఊళ్లో ఉప్పుగాలి ఎవరి అనుమతీ అడగదు. ఎవరూ తాకని బోర్డుల పిన్నులకూ చిలుము పట్టింది. సముద్రుడి దగ్గర ధర ఎవరు వసూలు చేస్తారు? ఈలోగా నాలుగో ఏడాది పిల్లలు అమీర్‌పేట నుంచి తయారు ప్రాజెక్టు తెప్పించుకుంటున్నారు. పేరు 'స్మార్ట్ పోర్ట్ కార్గో పర్యవేక్షణ వ్యవస్థ'. లోపల ఒక అల్ట్రాసోనిక్ సెన్సరు, ఒక బజరు. చెయ్యి అడ్డం పెడితే కూస్తుంది. 1933 నుంచీ నడుస్తున్న నిజం ఓడరేవు ఊళ్లోనే ఉంది. అక్కడి క్రేను ఏం ఎత్తుతోందో చూసొచ్చినవాడు ఆ జట్టులో ఒక్కడూ లేడు. వైవాలో ఈ తీగ ఇక్కడెందుకంటే, "కొరియర్లో అలాగే వచ్చింది సార్" అంటారు. వాళ్లననేం లాభం?

తాత్పర్యం: తాళంచెవి ల్యాబ్ అసిస్టెంటు దగ్గర ఉంది. ఆయన సెలవులో ఉన్నారు.

పాఠాంతరం: తనిఖీ కమిటీ వచ్చిన పూట తలుపు మీద ఈ కాగితం ఉండదు, బీరువా బార్లా తీసి, బోర్డులన్నీ బల్లల మీద పరిచి ఉంటాయి. ఈ పాఠం మరే ప్రతిలోనూ లేదు కనుక ప్రక్షిప్తమని పెద్దల నిర్ణయం.