కారు మాన్యువల్ రాసిన పెద్దలకు అప్పనపల్లి నుంచి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కారు మాన్యువల్ రచయితల వారి సముఖమునకు,

కోనసీమ జిల్లా మామిడికుదురు మండలం అప్పనపల్లి నుంచి ఒక కారు యజమాని నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి.

బండితో పాటు మీరిచ్చిన పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివాను. కారు కొన్నవాళ్ళలో ఈ పని చేసింది నేనొక్కణ్ణేనని మా మెకానిక్ అభిప్రాయం. అందులో ‘చలికాలపు జాగ్రత్తలు’ అని ఏకంగా ఒక అధ్యాయం పెట్టారు. ఇంజిన్‌కి గాలి వెళ్ళే దారిలో పేరుకున్న మంచును బండి తీసే ముందే దులపాలనీ, గడ్డకట్టిన అద్దం మీద వేడినీళ్ళు పొయ్యకూడదనీ ఎంతో శ్రద్ధగా రాశారు. చాలా సంతోషం. కాకపోతే మా ఊళ్ళో గడ్డకట్టిన నీరంటే చేపల పెట్టెల్లో వేసే ఐసే. సంక్రాంతి రోజుల్లో కూడా పొగమంచు కొబ్బరాకుల మీంచి బొట్లు బొట్లుగా రాలుతుందే గానీ బానెట్టు మీద గడ్డకట్టదు. ఆ ముచ్చట తీరాలంటే మేం మన్యంలో లంబసింగి దాకా వెళ్ళాలి. అక్కడైనా జనం దాన్ని దులపరు, పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు.

మీ సలహాలో పస లేదనడం లేదు. ఇంజిన్‌కి పెట్రోలు ఎంత అవసరమో గాలీ అంతే. మంచుదేశాల్లో గాలితో పాటు పొడిమంచు దూరి ఫిల్టరు మీద అట్టకడితే ఇంజిన్‌కి ఊపిరాడదు. కార్బ్యురేటర్ల రోజుల్లో ఇంకో చోద్యం ఉండేది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది కనక, బయట 15, 20 డిగ్రీలున్నా, గాలిలో తేమ బాగా ఉంటే కార్బ్యురేటరు గొంతులో మంచు పట్టేది. చిన్న విమానాలు నడిపేవాళ్ళు ఇప్పటికీ దీనికి జడుస్తారు. పాత కార్లలో కొన్నిటికి పొగగొట్టం చుట్టూ వేడెక్కిన గాలిని పీల్చుకునే ఏర్పాటు పెట్టింది ఇందుకే. మినియాపొలిస్‌లో ఉన్న మా మేనల్లుడికి మీ అధ్యాయం నిత్యపారాయణం. ఆ పుస్తకం నా చేతికెందుకొచ్చిందన్నదే నా గోడు.

మా బండి ముక్కుకి అడ్డంపడేవి వేరే ఉన్నాయండి. మొదటిది ఎలక. ఆమధ్య ఫిల్టరు డబ్బా క్లిప్పులు ఊడదీసి మూత ఎత్తితే, లోపల కొబ్బరిపీచుతో గుండ్రంగా అల్లిన గూడు. నడుమ మెత్తని గుంట, గుంటలో వడ్లగింజలు, పక్కనే పీలికలైపోయిన ఫిల్టరు కాయితం. ‘‘ఏం కట్టిందండీ ఇల్లు! కొబ్బరి మనది, స్థలం మీది’’ అని మా మెకానిక్ తెగ ముచ్చటపడ్డాడు. మీ పుస్తకంలో ఎలక ఊసే లేదు.

రెండోది, అసలుది, గోదావరి. మాది వైనతేయ పాయ ఒడ్డు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. వరద వచ్చిందంటే మా కాజ్‌వే మీదికి ఎర్రనీళ్ళెక్కుతాయి. బాలబాలాజీ స్వామి గుడి ముందు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ‘చల్లగా చూడు స్వామీ’ అని మొక్కుకున్న కొత్త బండి కూడా ఆ నీళ్ళ ముందు ఆగాల్సిందే. దీనికి మీరు రాసిందల్లా ఒకే వాక్యం: లోతైన నీటిలో వాహనము నడపరాదు. ఎంత లోతు? ఎవరి మోకాలి లోతు? నీరు గడ్డకట్టుకుని వస్తే అధ్యాయం, మామూలుగా వస్తే ఒక్క వాక్యమా?

చాలా కార్లకి గాలిగొట్టం మూతి ముందు గ్రిల్లు వెనకాలే ఉంటుంది. నీళ్ళు బంపరు కిందే ఉన్నాయి కదా అని దిగుతాం. ఎదురుగా ట్రాక్టరొస్తుంది. దాని అల బానెట్టు దాకా లేస్తుంది. గొట్టం ఒక్క గుక్క మింగితే చాలు. పిస్టను గాలినైతే సుమారు 10వ వంతుకు నొక్కగలదు, నీరు నొక్కుడుపడదు. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఒకవేళ వంగకుండానే బండి ఆగిందనుకోండి, కంగారులో మనం మళ్ళీ తాళం తిప్పి ఆ లోటు తీరుస్తాం. చెయ్యాల్సింది బండిని నెట్టి గట్టెక్కించడం, ఫిల్టరు తడిసిందేమో చూడ్డం. తడిస్తే, పెట్రోలు బండైతే స్పార్కుప్లగ్గులు ఊడదీసి లోపలి నీళ్ళు కక్కించాకే స్టార్టు. మామూలు బీమా ఈ ఖర్చు సాధారణంగా ఇవ్వదు, ఇంజిన్ రక్షణకి విడిగా ప్రీమియం కట్టాలి. ఇదంతా మా మెకానిక్ టీ తాగుతూ చెప్తాడు. మీరు అచ్చులో ఎందుకు చెప్పరు?

కావున మనవి చేసుకునేదేమంటే: వచ్చే ముద్రణలో ‘వరదకాలపు జాగ్రత్తలు’ అనే అధ్యాయం తెలుగులో వెయ్యండి. గాలిగొట్టం మూతి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో బొమ్మ గీసి చూపించండి. నీళ్ళలో ఆగిన బండికి తాళం తిప్పొద్దన్న ముక్క ఎర్రక్షరాల్లో పెట్టండి. ఎలకకి ఒక పేరా చాలు. మంచు అధ్యాయం తీసెయ్యమనడం లేదు, మా మేనల్లుడికి పంపిస్తాను.

ఇట్లు,
కాజ్‌వే ఇవతల చిక్కుకున్న
ఒక విధేయుడు

తా.క.: స్వయంగా పరిశీలించదలిస్తే శ్రావణమాసంలో దయచేయండి. దొరికితే పులస పులుసు పెడతాం. కారు మాత్రం ఏటిగట్టు మీదే వదిలి రండి.