ఓటరుకు చెమట పట్టకుండా జెడ్పీటీసీ కావడం ఎలా?

కడప, కర్నూలు ఎండల్లో ఓటరును బడి ముందర వరుసలో నిలబెట్టడం మహాపాపం. ఈ సంగతి మొదటే మనసులో నాటుకోండి. ఆ పాపం మీ నెత్తిన పడకుండానే జిల్లా పరిషత్తులో మీ కుర్చీ మీకు దక్కే దారులు చాలా ఉన్నాయి. కొత్తగా కనిపెట్టాల్సిన పనేం లేదు. మన పెద్దలు అన్నీ వాడి చూసినవే. చరిత్ర కాస్త తిరగేస్తే చాలు.

మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ 1959లో మొదలైంది. ఆ అక్టోబరు 11న నెహ్రూ షాద్‌నగర్ వచ్చి ప్రారంభించిపోయారు. అప్పటి ఏర్పాటు ఎంత మర్యాదస్తుల పద్ధతిలో ఉండేదో చూడండి. ఊరి జనం పంచాయతీని ఎన్నుకుంటారు. సర్పంచులు కూడి సమితి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. సమితి అధ్యక్షులు, ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడి జెడ్పీ చైర్మన్‌ను ఎన్నుకుంటారు. ఓటరు మొదటి మెట్టు మీదే కూలబడతాడు, పైన ఏం జరిగిందో తెల్లారి పేపర్లో చదువుకుంటాడు. ఆ కుర్చీ తక్కువదేం కాదు. కర్నూలు జెడ్పీ చైర్మన్‌గా కూర్చున్న కోట్ల విజయభాస్కరరెడ్డి తర్వాత రెండు సార్లు ముఖ్యమంత్రి అయ్యారు.

ఇంత చక్కగా సాగుతున్న వ్యవహారంలో ఎన్టీఆర్ వేలు పెట్టారు. 1986 చట్టంతో సమితులు ఎత్తేసి మండలాలు తెచ్చారు. అక్కడితో ఆగారా? 1987లో జెడ్పీ చైర్మన్‌ను నేరుగా జనమే ఎన్నుకోవాలన్నారు. ఆదోని నుంచి శ్రీశైలం దాకా ఒక్క మనిషి ఓట్లు అడుక్కుంటూ తిరగడమంటే మాటలా! చెప్పులు అరిగాయి, జీపుల టైర్లు అరిగాయి. పెద్దలు ఊరుకుంటారా, 1994 చట్టంతో ఆ ముచ్చట తీసేశారు. 1995 నుంచి జనం మండలానికి ఒక జెడ్పీటీసీని ఎన్నుకుంటారు, ఆ జెడ్పీటీసీలు చేతులెత్తి చైర్మన్‌ను ఎన్నుకుంటారు. కడపలో 50 మంది, కర్నూలులో 53 మంది. కాబట్టి చైర్మన్ కావాలనుకునే ఆసామి లక్షల మంది పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఫోనులో 26 నంబర్లుంటే కడప, ఇంకొక్కటి కలిపితే కర్నూలు.

ఇక చిట్కాల్లోకి వద్దాం.

ఎన్నికలకు తొందర పడకండి. ఐదేళ్లకోసారి జరపాలని రాజ్యాంగంలో రాసి ఉందని ఎవరైనా చదువుకున్న కుర్రోడు గుర్తు చేస్తే, నవ్వి వాడి భుజం తట్టండి. 2006లో ఎన్నికైన పరిషత్తుల గడువు 2011లో తీరింది, మళ్లీ పోలింగ్ జరిగింది 2014 ఏప్రిల్‌లో. ఆ సభ్యుల గడువు 2019లో తీరింది, మళ్లీ ఓట్లు పడింది 2021 ఏప్రిల్‌లో. మధ్యలో జిల్లా పరిషత్తు ఆగిపోయిందా? ప్రత్యేకాధికారి వచ్చి సంతకాలు పెట్టాడు, జెడ్పీ హైస్కూల్లో గంట మోగింది, బోర్లలో నీళ్లు ఎప్పటిలాగే రాలేదు. పాలకవర్గం లేకపోతే జనానికి తేడా తెలియలేదంటే మీకు దానికన్నా హామీ ఏం కావాలి? పదవిలో కూర్చున్నాక మీరేమీ చేయకపోయినా ఎవరూ కనిపెట్టరు.

రిజర్వేషన్ అంటే దిగులు వద్దు. 1995 నుంచి మూడో వంతు, 2014 నుంచి సగం సీట్లు ఆడవాళ్లవి. మీ మండలం మహిళకు పోతే ఇంటావిడను నిలబెట్టండి. ఫ్లెక్సీ వేయించేటప్పుడు జాగ్రత్త. మీ ఫొటో నిలువెత్తుగా, చేతులు జోడించి ఉండాలి. పైన వరుసగా నాయకుల తలకాయలు. ఆవిడ ఫొటో ఓటరు కార్డులోంచి తీసిందే చాలు, కింద మూలలో. 'మీ అమూల్యమైన ఓటు' అని మీ పేరు మీదే అడగండి. గెలిచాక మీటింగుకు మీరే వెళ్లండి. గుమ్మం దగ్గర బంట్రోతు అడ్డం పడితే "జెడ్పీటీసీ గారి భర్తను" అనండి. చట్టంలో ఆ పదవి లేదు గానీ ఆఫీసుల్లో దానికి కుర్చీ ఉంది. ఒకప్పుడు ఇంకో చిక్కుండేది. ఇద్దరు పిల్లలకు మించితే పోటీకి పనికిరారని 1994 చట్టంలోనే రాసిపెట్టారు. మూడోవాడు పుట్టినందుకు అన్ననో, మరదలినో, చివరికి ముసలి తల్లినో నిలబెట్టుకున్న పెద్దమనుషులున్నారు. 2024 నవంబరులో అసెంబ్లీ ఆ అడ్డు తీసేసింది. ఇక ఎంతమందిని కన్నా ఫర్వాలేదు. ఇల్లు నిండుగా ఉంటే ఒక్కో పదవికి ఒక్కో మనిషి సిద్ధం.

అన్నిటికన్నా మేలైన మార్గం ఏకగ్రీవం. ఈ విద్యలో కడపను మించిన బడి రాష్ట్రంలో లేదు. 2021లో ఓట్లు పడిన ఆ ఎన్నికలకే 2020 మార్చిలో నామినేషన్లకు మూడు రోజులిచ్చారు. ఉపసంహరణ గడువు ముగిసేసరికి రాష్ట్రం మొత్తం 652 జెడ్పీటీసీ స్థానాల్లో 126 ఏకగ్రీవం. అందులో ఒక్క కడప జిల్లావే 38. ఉన్నవి 50! చిత్తూరు 30తో రెండో స్థానం, మన కర్నూలు 16తో మూడో స్థానం. కృష్ణాలో రెండంటే రెండు. డెల్టా వాళ్లకు నీళ్లున్నాయి గానీ ఐకమత్యం లేదు.

ఇది ఎలా సాధ్యమని అడుగుతారు. ప్రేమతోనే. ప్రతిపక్షాలు బెదిరించారన్నాయి, కాగితాలు లాక్కున్నారన్నాయి, అప్పటి ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్‌కుమార్ ఈ ఏకగ్రీవాల లెక్కలతో ఢిల్లీకి ఉత్తరమే రాశారు. అవన్నీ పట్టించుకోకండి. పద్ధతి చెప్తాను వినండి. మీ మీద పోటీకి దిగే మనిషి ఫైలు చంకలో పెట్టుకుని బండి మీద వస్తాడు. ఆఫీసుకు ఎదురుగా టీకొట్టు ఉంటుంది. అక్కడ మీవాళ్లు పదిమంది పొద్దున్నుంచే ఉగ్గాని, బజ్జీలు తింటూ కూర్చోవాలి. అందరూ ఒక్కసారిగా లేవకూడదు, మోటుగా ఉంటుంది. ఒక్కడే లేచి వెళ్లి బండి తాళం మీద చెయ్యేయాలి.

"ఏమన్నా, ఇంత ఎండలో యాడికి పోతాండావు?"

"నామినేషన్ ఏసొద్దామని..."

"నీకేంటికన్నా ఈ తిప్పలు? వదిన బాగుందా? పాప కడపలోనే గదా చదువుతాండేది? ఆ కాగితాలు ఇట్టియ్, మేం చూసుకుంటాంలే."

చూశారా, ఒక్క చెడ్డ మాట లేదు. ఇంటి క్షేమం అడగడం కూడా నేరమంటే ఇంక ఈ దేశంలో బతకలేం.

ఏకగ్రీవానికి సర్కారు దీవెన కూడా ఉంటుంది. 2021 జనవరిలో ఏకగ్రీవ గ్రామ పంచాయతీలకు నజరానా ప్రకటించారు. రెండు వేల లోపు జనాభా ఉంటే 5 లక్షలు, పది వేలు దాటితే 20 లక్షలు. ఓటు వేయనందుకు ఊరికి డబ్బులు! వేసినందుకు ఓటరుకు ఇస్తే నేరం. ఈ తేడా మీ కార్యకర్తలకు బాగా నూరిపోయండి.

ఖర్మకాలి పోలింగ్ తప్పలేదనుకోండి. జెడ్పీటీసీ అభ్యర్థి ఖర్చు 4 లక్షలు దాటకూడదని నిబంధన. రాగిసంగటి, నాటుకోడి ఒక్క పూట లెక్క అది. లెక్కల పుస్తకంలో టీలు, బిస్కెట్లు రాసుకోండి. ఈ ఎన్నికల్లో మిషన్లుండవు, కాగితమే. జెడ్పీటీసీకి తెల్లది, ఎంపీటీసీకి గులాబీది. స్వస్తిక్ ముద్ర గుద్దాక మడిచే దగ్గరే ఉంది కిటుకంతా. నిలువుగా మడిస్తే తడి సిరా అంటినా అదే గుర్తు వరుసలో అంటుతుంది. అడ్డంగా మడిస్తే అవతలి వాడి గుర్తు మీద ఇంకో ముద్ర తేలుతుంది. ఎటు మడవాలో మీ ఓటర్లకు ఎవరూ నేర్పకుండా చూడండి. చెల్లని ఓట్లు లేకపోతే కౌంటింగ్ హాల్లో మీ ఏజెంటు దేని మీద అరుస్తాడు?

పెట్టెలు నిండాక వెంటనే తెరవాలని కూడా లేదు. 2021 ఏప్రిల్ 8న వేసిన ఓట్లు, కోర్టుల్లో నలిగి నలిగి, సెప్టెంబరు 19న లెక్కించారు. 164 రోజులు. రాష్ట్రంలో కొన్ని చోట్ల పెట్టెలు తెరిచేసరికి చెదలు ముందే లెక్కపెట్టేశాయి. ఆ ఎన్నికలను బహిష్కరిస్తున్నామని టీడీపీ ప్రకటించింది. గుర్తు మాత్రం బ్యాలెట్ మీద అలాగే ఉంది, ఓటరు అలవాటు మానలేదు. కడప జిల్లా గోపవరంలో టీడీపీ గెలిచి కూర్చుంది. పోటీలో లేమని చెప్పినా గెలిపిస్తారు చూడండి, ఓటరును నమ్మొద్దని అందుకే అంటున్నా.

ఓడిపోయినా చైర్మన్ పదవి దక్కుతుందా? భేషుగ్గా. 2014లో కర్నూలు జిల్లాలో ఎక్కువ జెడ్పీటీసీలు గెలిచింది వైసీపీ. చైర్మన్ అయింది టీడీపీ నుంచి మల్లెల రాజశేఖర్. కౌంటింగ్ మే 13న, చైర్మన్ ఎన్నిక జూలైలో. మధ్యలో దాదాపు రెండు నెలలు! అన్నాళ్లు పెరట్లో కోళ్లను కూడా కాపాడుకోలేం, సభ్యుల్ని ఏం కాపాడతారు? కాబట్టి గెలిచిన రోజే క్యాంపుకు తోలండి. ఫోన్లు తీసుకోండి, మందుబిళ్లలు అడిగి మరీ కొనివ్వండి, ఎవరి ఇంట్లోనైనా చావు, పెళ్లి ఉంటే పక్కన ఇద్దరిని పెట్టి పంపండి. ఆ క్యాంపులో బాగా తిండి పెట్టినవాణ్ణి సభ్యులు ఐదేళ్లు తలుచుకుంటారు. ఓటేసినవాళ్లను అంత తలుచుకోరు.

పదవి వచ్చాక సర్వసభ్య సమావేశం ఉంటుంది, మూడు నెలలకోసారి. మంత్రి మాట్లాడతారు, ఎమ్మెల్యేలు మాట్లాడతారు, అధికారులు నివేదిక చదువుతారు, భోజనాలవుతాయి. మీరు తాగునీటి గురించి అడగాలనుకుంటే భోజనాలకు ముందు అడక్కండి, శత్రువులవుతారు. తర్వాత అడగండి, ఎవరూ ఉండరు. నంద్యాల 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది గానీ జెడ్పీ మాత్రం విడిపోలేదు. అక్కడి సభ్యుడు ఇప్పటికీ కర్నూలుకే వస్తాడు. దీన్ని మార్చమని అడగకండి. రానూపోనూ ప్రయాణమే పని చేసినట్టుంటుంది.

చివరగా పులివెందుల సంగతి. ఇది చదివి భయపడకండి. 2025 ఆగస్టు 12న పులివెందుల, ఒంటిమిట్ట జెడ్పీటీసీలకు ఉప ఎన్నికలు జరిగాయి. ఏకగ్రీవాలకు అలవాటుపడ్డ పులివెందుల మండలంలో, పది వేల పైచిలుకు ఓటర్ల కోసం పదకొండు మంది అభ్యర్థులు! టీడీపీ ఆరు వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచింది, వైసీపీ అభ్యర్థికి ఏడు వందలు కూడా రాలేదు, డిపాజిట్ పోయింది. ముప్పై ఏళ్ల తర్వాత ఓటు వేశామంటూ పెట్టెలో చీటీ దొరికిందని పత్రికలు రాశాయి. ప్రజాస్వామ్యం వచ్చిందని టీడీపీ అంది. పోలింగ్ కేంద్రాలు వేరే ఊళ్లకు మార్చారు, మా ఏజెంట్లను రానివ్వలేదు, మా ఓటర్లను ఆపేశారు, కేంద్ర బలగాలతో మళ్లీ జరపండి అని వైసీపీ అంది. రెండు కేంద్రాల్లో రీపోలింగ్ కూడా జరిగింది.

ఈ మాటలు ఎక్కడో విన్నట్టుందా? 2020లో టీడీపీ ఇచ్చిన ఫిర్యాదులు తీసి చూడండి. మీరు ఏ పార్టీలో ఉన్నా సరే, అలాంటి ఫిర్యాదొకటి ఇప్పుడే మంచి తెలుగులో టైపు చేయించి, పది జిరాక్సులు తీయించి బీరువాలో పెట్టుకోండి. ఇప్పటి పరిషత్తుల గడువు 2026 సెప్టెంబరు దాకా. పార్టీ పేరు, తేదీ రాసే చోటు మాత్రం ఖాళీగా వదలండి.