రబ్బరు ముద్రా ప్రకరణం

‘తనదైన ముద్ర వేశాడు’ అంటే పొగడ్త, ‘వేలిముద్రగాడు’ అంటే ఎగతాళి, ‘రబ్బరు స్టాంపు’ అంటే ఏకంగా తిట్టు కాబట్టి, ముద్ర అనే మాట ఏ చేతిలో పడితే ఆ రంగు పూసుకుంటుందని పాఠకులు ముందుగా గ్రహించాలి. వాచ్యార్థంలో, అనగా ఉన్నదున్నట్టు చెప్పే అర్థంలో, అది కొయ్యపిడికి అంటించిన రబ్బరు ముక్క. దాని మీది తిరగేసిన అక్షరాలు గట్టిగా ఒత్తితే గాని కాగితం మీద తిన్నగా పడవు, ఈ గుణం రబ్బరుకే పరిమితం కాదని కచేరీ మెట్లెక్కినవారు చెబుతారు. అర్జీదారుడు కోరేది సంతకం కన్నా ‘రౌండు సీలు’, అనగా చుట్టూ కార్యాలయం పేరుండే గుండ్రని ముద్ర. ప్యాడు ఎండిపోయిన రోజున అటెండరు దాని మీద నాలుగు నీటిచుక్కలు చిలకరించి, సీలు మీద ఉఫ్‌మని ఊది, ఒంటి బరువంతా మోపి ఒత్తినా, పడేది సగం జిల్లాయే. 2022 ఏప్రిల్ 4న రామగిరి మండలం అనంతపురం జిల్లా నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారినప్పుడు కొండలు, గాలిమరలు, మూతపడిన బంగారు గనులు ఉన్నచోటనే ఉండగా, మారవలసి వచ్చింది ఈ సగమే.

దగ్గరలోని పెనుకొండ ఒకప్పుడు విజయనగర రాజధాని; ఆ రాజుల తామ్రశాసనాల చివర రాజు పేరు బదులు ‘శ్రీ విరూపాక్ష’ అని దేవుడి పేరే చేవ్రాలుగా కనిపిస్తుంది కనుక, దానం రాజుది, సంతకం దేవుడిది, ఇక అప్పీలు ఎవరికి చేసుకోవాలో ఏ శాసనమూ చెప్పదు.

లక్ష్యార్థంలో, అనగా పోలికతో వచ్చే అర్థంలో, పైవారు తేల్చినదానికి చదవకుండా ఒప్పుకొనేవాడు రబ్బరు స్టాంపు. ఈ బిరుదు తరచుగా తగిలేది రాష్ట్రపతికి. మంత్రివర్గ సలహాను ఆయన పాటించి తీరాలని 1976 నాటి 42వ సవరణ చెప్పగా, 1978 నాటి 44వ సవరణ ఒకసారి వెనక్కి పంపవచ్చన్నది, అనగా సీలుకు ఒక్కసారి ‘ఇంకు లేదు’ అనే హక్కు దక్కింది. అప్పుడు ఆ పదవిలో ఉన్నది అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి. 1979లో మొరార్జీ దేశాయి రాజీనామా తరువాత ఎవరిని పిలవాలో తానే తేల్చుకున్నందుకు ఆయన విమర్శలు మూటగట్టుకున్నాడు, రబ్బరుగా ఉండి ఉంటే ఆ బాధ తప్పేది.

పంచాయతీలలో కథ ఇంకా చిన్నది: సర్పంచి ఆమె, పెత్తనం భర్తది, సీలు ఆయన చొక్కా జేబులో తిరుగుతుంది, ఆ జేబుకంటిన ఊదా మరకను ఉతకవలసింది మాత్రం సర్పంచి గారే.