సోమవారపు వాక్యానికి టీక

మూలము: "ఫెడ్ నిర్ణయం, ముడిచమురు ధరల నేపథ్యంలో ఈ వారం మార్కెట్లు ఆచితూచి వ్యవహరించే అవకాశం ఉందని విశ్లేషకులు అంటున్నారు."

అవతారిక: సోమవారం సోమవారం పత్రికల వ్యాపార పుటలో దర్శనమిచ్చే ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. అపౌరుషేయమనాలి. పాఠభేదాలు స్వల్పం: కొన్ని ప్రతుల్లో "ఆచితూచి వ్యవహరించే"కు మారుగా "ఒడిదొడుకులకు లోనయ్యే" అని కనబడుతుంది. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ పట్టిన మన కొలచారం మల్లినాథసూరికి ఈ వాక్యం ఇచ్చి ఉంటే గంటం కింద పెట్టేసేవాడు, మూలంలోనే ఏమీ లేదు గనుక. నాకు అటువంటి ప్రతిజ్ఞ లేదు.

టీక: మార్కెట్లు అనుట స్పష్టము. ఫెడ్ అనగా అమెరికావారి కేంద్ర బ్యాంకు. వడ్డీ సంగతి తేల్చుటకు ఏటికి ఎనిమిది మార్లు కూడును. మరి తక్కిన నలుబదినాలుగు వారములందును మూలమున ఫెడ్ ఏల నిలిచియున్నదని శంక. సమాధానము: నిర్ణయము లేని వారమున దాని మినిట్స్ ఉండును, అవి మూడు వారములకు గాని వెలువడవు గనుక. అవియును లేనినాడు అధ్యక్షుని ప్రసంగముండును. సమావేశమునకు ముందు వారు మౌనము పాటించు రోజులలో ఆ మౌనమే సంకేతమగును.

నేపథ్యమనగా నాటకమున తెరవెనుక వేషములు కట్టుకొను తావు. అందేమి జరుగునో చూచువారికి తెలియదు. వాక్యమంతటిలో ఈ ఒక్క పదము మాత్రము సార్థకము.

వారము: తిథి వార నక్షత్ర యోగ కరణములలో రెండవది. ఇక్కడొక విశేషం చెప్పకుండా ముందుకు పోలేను. మన పంచాంగంలో ఏడాదికి తొమ్మండుగురు నాయకులు. వీళ్లందరినీ ఎన్నుకునేది వారాన్ని బట్టే. ఉగాది ఏ వారం వచ్చిందో ఆ వారాధిపతి రాజు; మేష సంక్రమణం నాటివాడు మంత్రి. ఈ మంత్రివర్గంలో నాకు చిన్నప్పటి నుంచీ ప్రీతిపాత్రుడు అర్ఘాధిపతి. అర్ఘమంటే వెల, మహార్ఘమనే మాట అక్కడిదే. అంటే ధరలకొక ప్రత్యేక అమాత్యుడన్నమాట. (ఆయన్ని "అర్ఘ్యాధిపతి" అని అచ్చువేసి, ధరలు చూడవలసినవాడి చేత నీళ్లు వదిలిస్తున్న పంచాంగాలూ ఉన్నాయి.) ఆపైన రాశివారీగా ఆదాయ వ్యయాలు, రాజపూజ్యం, అవమానం, అన్నీ అంకెల్లో. ఆదాయం 2, వ్యయం 14 అని విన్న ఏడాది మా నాన్నగారు మామిడిపళ్లు కొనడం తగ్గించారు. అది నిజమైందా కాలేదా అన్నది వేరే సంగతి. అవమానం ఎంతో కూడా అంకె వేసి చెప్పిన మనిషి, ఆ పంచాంగం చదివిన సిద్ధాంతిగారు! మళ్లీ ఉగాదికి అదే గుడి మండపంలో, అదే సిద్ధాంతిగారిని, పోయినేటి పంచాంగం చేతబట్టుకుని అడగొచ్చు.

ఎక్కడ ఆగాం? ఆచితూచి.

తూచుటకు త్రాసు వలయును. రైతుబజారులో టమాటాలమ్మే ఆమె తూచినప్పుడు ముల్లు నాకు కనబడును. మార్కెట్లు తూచునది దేనిని, ఏ రాళ్లతోనని మూలకర్త చెప్పలేదు. అవకాశమనగా ఖాళీ చోటు. తప్పుకొనుటకు విడిచినదని మా వ్యాఖ్య. విశ్లేషకులు అను బహువచనము సంఖ్యార్థకమా, పూజార్థకమా? పూజార్థకమైనచో అన్నవాడొక్కడే.

తాత్పర్యము: పెరుగును, తగ్గును, లేదా ఉన్నచోటనే ఉండును.

ఇంత శ్రద్ధగా ఈ గ్రంథపఠనం చేస్తున్న నాకు ఒరిగిందేమిటో కూడా చెప్పాలి. 2022 మే మొదటి వారం. రాబోయే విశేషాల్లో ఫెడ్ సమావేశం ఉంది, ఎల్ఐసీ షేర్ల అమ్మకం ఉంది. మన రిజర్వు బ్యాంకు లేదు. దాని తదుపరి సమావేశం జూన్‌లో. బుధవారం, 4వ తేదీన, జూన్ దాకా ఆగకుండానే రెపో రేటును 4 నుంచి 4.40 శాతానికి పెంచేశారు. మరుసటి ఫిబ్రవరికల్లా అది 6.50. నా ఇంటి అప్పు ఆ రేటుకే ముడిపడి ఉంది. నెలవాయిదా రూపాయి కూడా పెరగలేదు గనుక నిశ్చింతగా సోమవారపు వాక్యాలు చదువుకుంటూ కూర్చున్నాను. వాయిదా పెంచలేదు, బ్యాంకువాళ్లు వాయిదాల సంఖ్య పెంచారు. ఎవరూ పిలిచి చెప్పలేదు. వేరే పనిమీద స్టేట్‌మెంట్ తీయించుకుంటే బయటపడింది: ఉద్యోగ విరమణకు ముందే తీరవలసిన అప్పు ఆ తర్వాత నాలుగేళ్లు నడుస్తుందట. కౌంటర్‌లోని కుర్రాడు పాపం మర్యాదస్తుడే. "ఆటోమేటిగ్గా అయిపోతుంది సార్" అన్నాడు. ఇందులో కర్త లోపించెనని గమనింపదగును.

మేలో ఆ బుధవారం తర్వాత వచ్చిన సోమవారపు ప్రతి కూడా చూశాను. మూలపాఠం చెక్కుచెదరలేదు. "ఫెడ్ నిర్ణయం" పక్కన "అనూహ్య పరిణామం" అని ఒక ప్రక్షిప్తం మాత్రం చేరింది.