పోయినవాడి నాకౌట్

బాక్సింగ్‌లో ముహమ్మద్ అలీ గొప్పా, రాకీ మార్సియానో గొప్పా? 1969లో అమెరికాలో ఈ తగువును కంప్యూటర్‌కు అప్పగించారు.

సినిమా కెమెరా ముందు, రింగులో ఒకపక్క బాక్సింగ్ నిషేధం వల్ల పనిలేక కూర్చున్న అలీ. మరోపక్క 1956లోనే రిటైరైన మార్సియానో, నెత్తిన విగ్గుతో సహా! ముగింపులు రకరకాలుగా తీసి పెట్టుకున్నారు. ఏది చూపాలో మాత్రం యంత్రం దయ.

1970 జనవరిలో అమెరికా థియేటర్లలో పదమూడో రౌండ్‌లో అలీ పడ్డాడు. ఐరోపాలో చూపిన ముగింపులో అలీయే గెలిచాడు. ఊరిని బట్టి తీర్పు మార్చడంలో మన పెదరాయుళ్లు కూడా ఇంత చురుకు కాదు.

అంతకుముందు రేడియోలో నడిపిన ఇలాంటి ఊహా పోటీలో కంప్యూటర్ తనను పాతకాలపు బాక్సర్ జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిస్తే అలీ కోర్టుకెక్కాడు. సోనీ లిస్టన్ లాంటి బాక్సర్‌కే బెదరని మనిషికి యంత్రం మీదికి వకీలు కావలసి వచ్చాడు.

అన్నట్టు, అమెరికాలో గెలిచిన మార్సియానో అప్పటికే విమాన ప్రమాదంలో పోయి నాలుగు నెలలు దాటింది.