మీటని గాంధారము: ఒక తంబుర ఆత్మకథ

పాట నాది కాదు. ఈ మాట మొదటనే ఒప్పుకొనుట మేలు. ఏలయన ఆత్మకథలు వ్రాయువారు పరుల కీర్తిని తమ పద్దులో వ్రాసికొనుట లోకములో పరిపాటి. గాయకుని వెనుక నిలిచి, నాలుగు తీగలతో ఒక్క మాటనే తిరిగి తిరిగి చెప్పుచుండుట నా వృత్తి. పంచమము, సారణి, అనుసారణి, మంద్రషడ్జము: నేను నేర్చిన సమస్తవాఙ్మయము ఇంతియే. కచేరి ముగిసినపిదప గాయకునకు శాలువ, మృదంగమునకు చప్పట్లు, నాకు గవిసెన.

బొబ్బిలి దాపున గొల్లపల్లిలో పనసదుంగలను తొలిచి వీణలు చేయు ఇండ్లు గలవు. అందొక యింట, నడుమ ముడి యుండుటచే వీణకు పనికిరాదని ప్రక్కకు ద్రోసిన దుంగ నాకు దేహమైనది. నన్ను కొన్న పంతులుగారు అప్పటికి ఇరువదియైదేండ్ల యువకులు. భద్రాచలమునకు వచ్చుచు మేము దిగిన రైలుస్టేషను పేరు భద్రాచలం రోడ్. ఉన్నది మాత్రము కొత్తగూడెములో. పేరు చూచి గమ్యము చేరితినని మురిసిన యాత్రికుడు, ఇంకను నలువది కిలోమీటర్ల అడవిదారి కలదని విని తెల్లబోవుట నాటికిని నేటికిని కలదు. గోదావరిపై వారధి 1965లో వచ్చినది గావున, ఆనాడు నన్ను పసిబిడ్డవలె ఒడిలో బెట్టుకొని పడవలో దాటించిరి. అప్పుడీ యూరు తూర్పుగోదావరి జిల్లాలోనిది. 1959లో ఖమ్మము జిల్లాలో కలిసెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా అయ్యెను. జిల్లా రెండుసార్లు మాఱినను పంతులుగారి ఒకటిన్నర శ్రుతి మాత్రము మాఱలేదు.

నా ప్రాణము తీగలలో నున్నదని చూచువా రనుకొందురు. కాదు, తీగకును అది యానిన గుఱ్ఱమునకును నడుమ దూర్చిన సన్నని దారములో నున్నది. దానికి జీవాళి యని పేరు. అది వెండ్రుకవాసి అటునిటు జరిగిన నేను వట్టి కొయ్యను. తన చోట గుదురుకొన్న నా నాదము తేనెటీగల పట్టువలె మ్రోగును. అప్పుడొక వింత జరుగును. మంద్రషడ్జమును మీటగనే, ఎవ్వరును మీటని అంతరగాంధార మొకటి అందుండి లేచును. తీగ నిడుపంతయు కదలుచుండగనే, తన సగములుగను, మూడవ పాళ్లుగను, నాలుగవ, అయిదవ పాళ్లుగను కూడ ఏకకాలమున కంపించును. ఆ యైదవ పాలు పలుకునదే ఈ గాంధారము. విద్వాంసులు దీనిని స్వయంభూస్వరమందురు. చెవి యొగ్గనివానికి అది లేనే లేదు.

క్రొత్త సంగతికై పంతులుగారు పడు యాతనను వేకువజామున అనేకపర్యాయములు చూచితిని. వెదకినంతసేపు అది చిక్కదు. విసిగి, పాట మాని, కన్నులు మూసి నన్ను ఊరక మీటుచు కూర్చుందురు. అప్పుడు హఠాత్తుగా గొంతు తనంతట మలుపు తిరుగును. "తోచింది!" అందురు. తెలుగువాని నుడికారమున ఊహ 'తోచును' గాని, దానిని తోపించుకొనువాడు లేడు. సృష్టియనగా ఏమియో నాకు తెలియదు గాని, ఈ క్రియాపదము చేసినవారు తంబురవద్ద కూర్చుండి యుందురని నా విశ్వాసము.

ఈ క్షేత్రమున మా జాతికి గల గౌరవము రామదాసుగారివలన వచ్చినది. నేలకొండపల్లి కంచెర్ల గోపన్నగా పుట్టిన ఆయన తానీషా కొలువులో పాల్వంచ తహశీల్దారై, ఖజానా సొమ్ముతో రామునకు గుడి గట్టి, గోలకొండ చెఱసాల పాలయ్యెను. చిత్రకారులు ఆయన చేత తంబుర నుంచక మానరు. 1964లో చిత్తూరు నాగయ్యగారు తీసిన రామదాసు చిత్రము చూచినవారికి తంబుర లేని రామదాసు ఊహకే రాడు. కాని సంకెలలు వేసినవారు శ్రుతివాద్యమును కూడ సమకూర్చియుందురా? అక్కడ తీగలును జీవాళియు ఆయన ఊపిరియే యైయుండునని తలచి నేను కొంచెము తగ్గి కూర్చుందును.

వయసు మీఱినకొలది పంతులుగారికి గతము మీద మక్కువ హెచ్చెను. శ్రీరామనవమినాటి కల్యాణమునకు రేడియోలో ఉషశ్రీగారి వ్యాఖ్యానము, ఆనాటి శ్రోతల శ్రద్ధ, ఆనాటి గోదావరి: వీనిని తలచి నిట్టూర్తురు. శ్రోతల సంగతి నాకు తెలియును. పల్లవి నడుచుచుండగా వడ్లధర మాటలాడుకొన్నవారు ఆనాడును గలరు. ఆనాటి గోదావరియు సాధువు కాదు. 1986 ఆగస్టులో ఇచ్చట 75.6 అడుగులకు పొంగినపుడు, పంతులుగారు బియ్యపుమూట విడిచి నన్ను భుజమున వేసికొని రంగనాయకులగుట్ట యెక్కిరి. ఆ చెమ్మకు ఉబ్బిన నా బిరడలు నెలలతరబడి తిరుగనొల్లలేదు. మనసు గతమును తలచినప్పుడెల్ల దాని బిరడను ఇంచుక బిగించును. ఆ హెచ్చుశ్రుతిముందు వర్తమానము ఎప్పుడును దిగియే వినబడును.

తరువాత విద్యుత్తుతో పలుకు శ్రుతిపెట్టె వచ్చెను. నాకు దానిపై కోపము లేదు. అది శ్రుతి తప్పదు గనుక దానిని ఎవ్వరును వినరు; నేను గడియకొకసారి జాఱుదును గనుక నావైపు చెవి నిలుపక తప్పదు. నా లోపమే వారికి సాధన.

శిష్యులను పంతులుగారు నిత్యము అడుగు ప్రశ్న యొకటి: "గాంధారం వినబడుతోందా?" అందరును భయభక్తులతో "వినబడుతోందండీ" అందురు. ఒకనాడు, ఆశ్రమపాఠశాలలో చదువుచు సెలవులలో వచ్చు కోయబాలు డొకడు "నాకు వినపడట్లేదు సార్" అనెను. తక్కినవారు నవ్విరి. పంతులుగారు నవ్వలేదు, వానిని నాకు దగ్గఱగా కూర్చుండబెట్టిరి.

అడవిలో ఇప్పపూలు రాలు దినములవి. నవమికి కొమ్ములు ధరించి నాట్యమాడు కోయలు డోళ్లు మ్రోగించుచు వీథిలో పోవుచుండిరి. పాఠము ఆగినది. నన్నెవ్వరును ముట్టలేదు. పిల్లవాడు అరచేయి నా కుండపై నుంచి, "సార్, డోలు మోగినప్పుడల్లా ఇది లోపల మోగుతోంది" అనెను. అర్ధశతాబ్దమునకు పైగా నన్ను మీటిన పంతులుగారు, మీటక, వినుటకై నా కుండపై చేయి యుంచుట అదియే ప్రథమము. చాలసేపు చేయి తీయలేదు.

మఱునాటినుండి ఆయన ప్రశ్న మాఱినది: "ఏం వినబడుతోంది?" ఒకడు గాంధారమనును, ఒకడు పడవమోటా రనును, ఒకతె వంటయింటి పోపు అనును. పంతులుగారు అన్నింటికిని తల యూపి, నా జీవాళిని సవరించి, పాఠము మొదలుపెట్టుదురు.